వెనక అద్దం పనిచేస్తుందని చెప్పింది నేనే

ఒమాన్‌లోని సమాయిల్‌లో ఒక ఇంట్లో పనిచేసే రమణమ్మ, కారు వెనక అద్దం దిగలేదని చెప్పింది. దిగుతుందని నేను చెప్పాను. నేను మెకానిక్‌ని, ఆమె పనిమనిషి. అందరూ నా మాటే నమ్మారు. ఆమె చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. నా అబద్ధం వల్ల ఆమె పని పోయింది, పేరు పోయింది. అసలు ఆ అద్దం దిగకుండా చేసింది కూడా నేనే.

ఒమాన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా కార్ల ఎలక్ట్రీషియన్‌గా చేసి ఇంటికొచ్చాను. మా ప్రొద్దుటూరు వైపు నుంచి ఇప్పటికీ కుర్రవాళ్ళు ఈ పనికి వెళ్తున్నారు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "మస్తాన్ భాయ్, అక్కడ పని ఎట్లుంటాది?" అని అడుగుతారు. జీతం, రూమ్, తిండి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వేరే. చదివాక నా మీద కోపం వస్తే మంచిదే. నాకూ వస్తుంది, రోజూ వస్తుంది.

ముందు వినాలి

మస్కట్‌లో రూవి దగ్గర ఒక గ్యారేజీలో నా మొదటి ఉస్తాద్ రఫీక్ అనే పాకిస్తానీ. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. నేను చేరిన కొత్తలో ఖురంలో ఆఫీసు ఉద్యోగం చేసే ఒకాయన కారు తెచ్చాడు. డ్రైవర్ అద్దం తప్ప మిగతా మూడూ దిగడం లేదు. నేను రెండు తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, స్క్రూలన్నీ నేలమీద పోసుకుని కూర్చున్నాను. రఫీక్ టీ గ్లాసుతో వచ్చాడు. వంగి డ్రైవర్ తలుపు మీదున్న లాక్ స్విచ్ ఒక్కసారి నొక్కాడు. మూడు అద్దాలూ దిగాయి. వెనక సీట్లో పిల్లలు ఆడుకోకుండా ఉండే స్విచ్ అది. ఎవరి మోచెయ్యో తగిలి నొక్కుకుపోయింది.

"డాక్టర్‌వి అనుకున్నా, కసాయివిరా నువ్వు," అన్నాడు ఉస్తాద్. "రోగిని అడక్కుండానే కోసేశావ్."

ఆయన నేర్పింది ఇప్పటికీ పనికొస్తుంది, రాస్తున్నాను. పాత బండిలో అద్దం పట్టేస్తే స్క్రూడ్రైవర్ ముట్టుకోకు. కారు లోపలి లైటు వెలిగించి బటన్ నొక్కు. లైటు కాస్త మసకబారితే కరెంటు మోటారు దాకా పోతోంది, అద్దమే ఎక్కడో బిగుసుకుంది. మసకబారకపోతే కరెంటే చేరడం లేదు. అప్పుడు డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో కూడా నొక్కి చూడు. ఆ తర్వాత బటన్ నొక్కి పట్టుకునే తలుపును మెల్లగా తెరిచి మూయి. ఏదో ఒకచోట అద్దం ఉలిక్కిపడినట్టు కదిలితే, తలుపు బందుల దగ్గరున్న రబ్బరు గొట్టంలో వైరు తెగినట్టే. ఇరవై ఏళ్ళు తెరిచి మూసిన తలుపులో వైరు తెగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ తెగితే కాదు.

మోటారు మూలుగుతూ అద్దం కదలకపోతే, అద్దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి సాయం చెయ్యి. సాయానికి లొంగితే తప్పు అద్దం జారే రబ్బరు గాడిది. ఆ ఎండకు రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది, సన్నదుమ్ము అందులో పేరుకుంటుంది. సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డను సన్నటి అట్టకు చుట్టి గాడి పొడవునా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టు. ఇంతే.

ఇప్పుడు గ్యారేజీల్లో ఏం చేస్తున్నారు? ఫోన్‌లో వీడియో చూసి, డబ్బా తీసి గాడిలో నూనె కొడుతున్నారు. ఆ రోజుకు అద్దం వెన్నలా జారుతుంది, కస్టమర్ నవ్వుతూ పోతాడు. పది రోజులకు ఆ నూనెకు దుమ్ము పట్టి రొట్టెపిండి ముద్దలా అవుతుంది. మళ్ళీ వస్తే "మోటార్ ఖలాస్" అంటారు. వినడం రాదు, చూడడం రాదు, ఆ రెండు మాటలు మాత్రం అందరికీ వచ్చు. వాళ్ళను తిట్టే హక్కు నాకుందా అంటే లేదు. నేను చేసింది అంతకంటే నీచం.

లకడీ

తర్వాత సమాయిల్‌లో ఒక గ్యారేజీకి పెద్ద ఎలక్ట్రీషియన్‌గా వెళ్ళాను. చుట్టూ ఖర్జూరపు తోటలు, మస్కట్ నుంచి విడిభాగాలు రావాలంటే రెండు మూడు రోజులు. మా ఫోర్‌మన్‌కు వచ్చిన మంత్రం ఒకటే: "గాడీ నికాలో." బండి బయటికి పంపు. తప్పు దొరికిందా లేదా అని ఆయన ఒక్కరోజూ అడగలేదు. గేటు దాటిందా అని అడిగేవాడు.

అక్కడే నేను లకడీ, అంటే చెక్క కొట్టడం, మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, నా బుర్రలోంచే పుట్టింది. తలుపు అట్ట తీసి, దిగిపోయిన అద్దాన్ని చేత్తో పూర్తిగా పైకి నెట్టి, కింద అద్దపు పట్టీకీ తలుపు రేకుకూ మధ్య ఒక చెక్కముక్క బిగించేవాణ్ణి. ఖర్జూరం పెట్టెల చెక్క అందుకు బాగా సరిపోయేది. ఎవరైనా బటన్ నొక్కితే చెక్క ఊడకుండా మోటారు కనెక్టర్ పీకేసేవాణ్ణి. పైనుంచి చూస్తే అద్దం మూసి ఉంటుంది, దుమ్ము రాదు, ఏసీ బయటికి పోదు. భాగం వచ్చాక సరిచేద్దాం అనేవాళ్ళం. మూసుకున్న అద్దం గురించి ఎవరు మళ్ళీ వస్తారు? రారు.

పక్క గ్యారేజీల వాళ్ళు చూసి నేర్చుకున్నారు. "మస్తాన్ భాయ్ లకడీ కొడితే రాయిలాగా నిలబడతాది," అనేవాళ్ళు. అది విని పొంగిపోయేవాణ్ణి. ఈ అద్దం పనిచెయ్యదు అని ఒక కాగితం రాసి తలుపుకు అతికించవచ్చు గదా? ఒక్కసారీ అతికించలేదు. అతికిస్తే పని కాలేదని ఒప్పుకున్నట్టు. నా పేరుకు మచ్చ.

హమూద్ బాబా బండి

హమూద్ తోటలున్న పెద్దమనిషి. అందరూ బాబా అనే పిలిచేవారు. ఆయన ఇంట్లో పాత జపాన్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉండేది. ఈద్‌కు ముందు వారం ఆయన కొడుకు సాలిమ్ దాన్ని తెచ్చాడు. ఎడమ వెనక అద్దం సగంలో ఆగిపోయింది, కుడిది నత్తలా కదులుతోంది. సామాన్లు పట్టుకుని వెనక సీట్లో రమణమ్మ కూర్చుని ఉంది.

బటన్ నొక్కాను. కదల్లేదు. లైటు చూడలేదు, తలుపు తెరిచి మూయలేదు. రఫీక్ నేర్పిన పనులన్నీ కలిపినా అయిదు నిమిషాలు పట్టవు. "మోటార్ ఖలాస్" అన్నాను. వెనక ఫోర్‌మన్ గొంతు: "గాడీ నికాలో." ఎడమ తలుపుకు లకడీ కొట్టాను. కుడిది కూడా రేపో మాపో ఫిర్యాదు తెస్తుందని దానికీ కొట్టాను.

నేను చేతులు తుడుచుకుంటుంటే రమణమ్మ పలకరించింది.

"అన్నా, తెలుగోళ్ళా? ఏ ఊరు?"

"ప్రొద్దుటూరు."

"నాది రాయచోటి కాడ. అట్లయితే మనోళ్ళే. అన్నా, ఈ అద్దం దిగుతాదా ఇప్పుడు? హబూబాకు కారెక్కితే చాలు కడుపులో తిప్పుతాది. గాలి తగలకపోతే నా ఒళ్ళోనే కక్కుతాది."

హబూబా అంటే ఆ ఇంటి ముసలమ్మ, హమూద్ తల్లి.

"దిగుతుంది లేమ్మా. ఊరికే బటన్లు నొక్కొద్దు, మళ్ళీ చెడిపోతాయి."

"నొక్కొద్దంటే దిగేదెట్లన్నా?"

"నీకెందుకమ్మా అవన్నీ? సాలిమ్‌కు చెప్పాను గదా."

సాలిమ్‌కు నేనేమీ చెప్పలేదు. "ఖలాస్, తమామ్" అని, అంతా బాగైనట్టు తాళంచెవి ఇచ్చాను. ఆమె అడిగిన ప్రశ్నలో ఉన్న తెలివి నా ముప్పై ఏళ్ళ పనిలో లేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వాదీలో

నొక్కొద్దన్నాను కాబట్టి వెనక బటన్లు ఎవరూ ముట్టుకోలేదు. కొన్ని వారాల తర్వాత కొండల్లో వాన పడింది. సమాయిల్‌లో చినుకు లేదు. వాదీ, అంటే వాన పడితేనే పారే వాగు, దాటే చోట నీళ్ళు చీలమండలోతే అనుకుని సాలిమ్ బండి దింపాడు. అలా దింపేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. నడిమధ్యలో ఇంజను ఆగింది. పైనుంచి నీళ్ళు వచ్చాయి.

సాలిమ్ తన అద్దంలోంచి బయటపడి బండి పైకెక్కాడు. వెనక రమణమ్మ, హబూబా. ముందు సీట్లోకి దాటే శక్తి ముసలమ్మకు లేదు. నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు. "అద్దం దించు, అద్దం దించు," అని సాలిమ్ పైనుంచి అరుస్తున్నాడు. రమణమ్మ ఎడమ బటన్ నొక్కింది, కుడి బటన్ నొక్కింది. నీళ్ళు సీటు దాకా వచ్చాయి. హబూబా చేతికర్రకు కింద ఇనప పొన్ను ఉండేది. రమణమ్మ దానితో అద్దాన్ని కొట్టింది. అద్దం పగిలింది గానీ, దానికి ఎండ తగలకుండా అతికించిన నల్ల కాగితం ముక్కల్ని రాలనివ్వలేదు. ఆ పగిలిన అద్దాన్ని రమణమ్మ రెండు చేతులతో చించింది. ముందు ముసలమ్మను బయటికి తోసింది. సాలిమ్ లాగాడు. ఒడ్డునున్నవాళ్ళు తాడు విసిరారు. ముగ్గురూ బతికారు.

హబూబా భుజం జారింది, ముఖం కోసుకుపోయింది. రమణమ్మ కుడిచేతిలో రెండు వేళ్ళ నరాలు తెగాయి.

ఆ మర్నాటికి ఇంట్లో మాట మారింది. నానమ్మను, పనిమనిషిని లోపల వదిలి ముందు తాను బయటపడ్డానని సాలిమ్‌కు లోపల సిగ్గు ఉండి ఉంటుంది. తాను బటన్ నొక్కమన్నా, ఆమె కంగారులో నొక్కలేదు, అద్దం పగలగొట్టి నానమ్మను ఆ ముక్కల్లోంచి లాగాల్సి వచ్చింది, అన్నాడు. రమణమ్మ నొక్కానంది. ఎవరిది నిజమో తేల్చేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు గ్యారేజీలో ఉన్నాడు.

నా నోటి మాట

బండిని లాగి మా దగ్గరికే తెచ్చారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు నేను ఒక్కణ్ణే తలుపులు విప్పాను. చెక్కలు నానిపోయి ఉబ్బి ఉన్నాయి. రెండూ పీకి పాత టైర్ల వెనక పారేశాను. తర్వాత చెయ్యి ఊరుకోక ఎడమ మోటారుకు నేరుగా బ్యాటరీ తగిలించాను. తిరిగింది. నీళ్ళలో మునిగి వచ్చిన మోటారు తిరిగింది. బందుల దగ్గర రబ్బరు గొట్టం వెనక్కి జరిపి చూశాను. ఒక్క వైరు తెగి ఉంది. అరగంట పని. ఆ అరగంట పని చెయ్యకుండా ఇద్దరు ఆడవాళ్ళను డబ్బాలో పెట్టి మూత బిగించాను.

సాయంత్రం హమూద్ బాబా, సాలిమ్ వచ్చారు. బాబా గ్యారేజీ హిందీలోనే అడిగాడు, కోపంగా కాదు, మామూలుగా.

"మస్తాన్, వెనక అద్దాలు పనిచేసేవా?"

ఫోర్‌మన్ ఫోన్ చూసుకుంటున్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదు.

"పనిచేసేవి బాబా," అన్నాను. "ఆమె బటన్ నొక్కి ఉండదు."

ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు. నేనే చేర్చాను. మొదటిది భయంతో అన్నానని సరిపెట్టుకోవచ్చు. రెండోదానికి ఏ సాకూ లేదు. దాన్ని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మూడో రోజు రమణమ్మ నడుచుకుంటూ గ్యారేజీకి వచ్చింది. చేతికి మోచేతి దాకా కట్టు.

"అన్నా, నన్ను ఏజెంటు కాడికి పంపిచ్చేస్తాండారు. నువ్వు సూసినావు గదా ఆ అద్దాలు. దిగేటివి కాదని ఒక్క మాట చెప్పన్నా. నేను నొక్కినా. ఏలు నొప్పి పుట్టేదాకా నొక్కినా."

నేను అబద్ధం చెప్పానని ఆమెకు తెలియదు. నన్ను సాక్ష్యం అడగడానికి వచ్చింది.

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

ఆమె నా ముఖం కేసి చూసింది. వెళ్ళిపోయింది.

ఈ పని నేర్చుకునే పిల్లలకు ఒకటి చెప్తాను, మెత్తగా చెప్పను. మనది చిన్న పని కాదు. కారులో కూర్చున్నవాడికి తలుపు లోపల ఏముందో కనిపించదు, మనకే కనిపిస్తుంది. ఆ చూసినదాన్ని దాచుకుంటే మనం దొంగలం. ఫోర్‌మన్ బండి పంపమంటాడు, పంపాలి. కానీ బాగు కాలేదని చెప్పి పంపొచ్చు. ఆ మాటకు ఎవడూ మన వీసా తీసేయడు. మనం భయపడేది వీసా పోతుందని కాదు, గొప్ప పనివాడన్న పేరు పోతుందని. నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

వారం గడిచింది. రమణమ్మను రూవిలో ఏజెంటు దగ్గర ఉంచారని, ఆదివారం ఇండియాకు టికెట్ అని తెలిసింది. అద్దాలు పగలగొట్టే పిచ్చిదని ఏజెంటుకు చెప్పి పంపారట. ఇక ఏ ఇల్లూ తీసుకోదు. గురువారం పొద్దున హమూద్ బాబా తోటకు వెళ్ళాను. కాలువ దగ్గర చెట్లకు నీళ్ళు మళ్ళిస్తున్నాడు. చెక్కల దగ్గర్నుంచి చివరి మాట దాకా అంతా చెప్పాను. ఆయన పార కింద పెట్టాడు.

"మా అమ్మను బతికించిన మనిషిని ఇంట్లోంచి పంపేశాను," అన్నాడు. "నీ మాట మీద."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఫోన్ తీసి ఏజెంటుకు కలిపాడు, రమణమ్మను వెనక్కి పంపమన్నాడు. ఏజెంటు ఆమెకు ఫోన్ ఇచ్చాడు. నేను చెప్పిందంతా బాబా ఆమెకు చెప్పాడు. ఆమె వచ్చీరాని హిందీలో ఒక్కటే అంది: "ఫోన్‌లో కాదు బాబా. అబద్ధం చెప్పినోడు ఇక్కడికొచ్చి చెప్పాల."

ఆ సాయంత్రం నుంచే లకడీ కొట్టిన బండ్లను గుర్తున్నంతవరకు వెనక్కి పిలవడం మొదలుపెట్టాను. ఫోర్‌మన్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల నాకు హాయిగా గడిచింది.

రూవిలో శుక్రవారం

బాబానే బండి నడిపాడు. ఏజెంటు ఆఫీసంటే డబ్బు పంపే ఎక్స్ఛేంజి వెనక సందులో రెండు గదులు. ఏజెంటు సుబ్బరాయుడు రాజంపేట మనిషి. శుక్రవారం కాబట్టి సెలవు దొరికిన ఆడవాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. కడప వాళ్ళు, గోదావరి వాళ్ళు, పది పదిహేను మంది. రమణమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు చిన్నదయింది. రెండు వేళ్ళు వంగడం లేదు.

"పొరపాటయిందమ్మా," అన్నాను. "తప్పు నాదే."

సుబ్బరాయుడు వెంటనే అందుకున్నాడు. "సర్లే భాయ్, అయిపోయింది గదా. కూచో, టీ తాగు."

"టీ తర్వాత," అంది రమణమ్మ. "పొరపాటంటే వీళ్ళకేం తెలుస్తాది? ఏం చేసినావో చెప్పు. ఎట్ల చేసినావో చెప్పు."

చెప్పాను. చెక్క ఎక్కడ పెట్టానో, కనెక్టర్ ఎందుకు పీకానో, ఆ చెక్కల్ని ఎప్పుడు తీసి పారేశానో. బాబాతో ఏమన్నానో. ఆమె గ్యారేజీకి వస్తే ఏమన్నానో.

సత్యవతి అని రాజోలు వైపు ఆవిడ, నోరు నొక్కుకుంది. "అయ్ బాబోయ్! దిగకుండా చెక్క పెట్టింది మీరే, దిగుద్దని చెప్పింది మీరేనా అండీ? బలే మనిషండి బాబూ మీరు!"

కొందరు నవ్వారు. రమణమ్మ నవ్వలేదు.

"వెనకున్నోళ్ళకు వినపళ్ళేదంట. ఇంగోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను, గట్టిగా. ఆ తర్వాత బాబాకు అర్థమయ్యేలా హిందీలో చెప్పమంది. హిందీలో చెప్పాను. బాబా తల వంచుకుని విన్నాడు. వినడం అయ్యాక లేచి, ఆమె ఎదురుగా నిలబడి, ఇంటికి రమ్మని, హబూబా రోజూ అడుగుతోందని అన్నాడు.

"హబూబా కోసం వస్తా బాబా," అంది రమణమ్మ. "సాలిమ్ నడిపే బండి మాత్రం ఎక్కను."

"ఎక్కొద్దు," అన్నాడు బాబా.

అంతటితో అయిపోయిందనుకున్నాను. నన్ను క్షమిస్తావా అని అడగబోయాను. ఆమె నా వైపు చూడనే లేదు. ఏజెంటు వైపు తిరిగింది.

"సుబ్బరాయుడన్నా, నన్ను పిచ్చిదని ఏయే ఇండ్లకు చెప్పినావు?"

"అదేందిమే, ఏదో నాలుగైదు ఇండ్లకు..."

"ఆరు. నాకు లెక్క తెలుసు. ఫోన్ తియ్. ఒక్కొక్క ఇంటికి కలుపు. ఆయప్ప చెప్తాడు."

సుబ్బరాయుడు నా ముఖం చూశాడు. నేను చెయ్యి చాపాను. మొదటి ఇంట్లో ఎవరో మగమనిషి విన్నాడు, సరే సరే అని పెట్టేశాడు. రమణమ్మ తల ఊపింది. "ఇంగోటి," అంది. సుబ్బరాయుడు ఇంకో ఇంటికి కలిపాడు. అవతల ఒక ఆడమనిషి "అలో" అంది. నా పేరు మస్తాన్, సమాయిల్ గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌ని, రమణమ్మ గురించి మీరు విన్నది అబద్ధం, అని మొదలుపెట్టాను.